గుల్లల సాక్ష్యము

2023వ సంవత్సరము ఆగస్టు మాసమున కోకాపేట వేలములో ఎకరము నేల 100 కోట్ల రూపాయలకు మించి పలికినది. నేల విలువ నింత చక్కగా లెక్కించినవారము, ఆ నేలమీదినుండి జాఱు నీటి గతి నెన్నడైన విచారించితిమా? ఆ పరిసరములు మూసీ పరీవాహములోనివి. మూసీ నగరపు మురుగును గలుపుకొని వాడపల్లికడ కృష్ణలో జేరును. కృష్ణ హంసలదీవికడ సాగరమును జేరును. నడుమ ఆనకట్టలు కొంత యాపినను, నదిలో విడిచిన మాలిన్యమునకు దుద సముద్రమే.

ఆ మాలిన్యమును దప్పించుకొనలేని ప్రాణులు గుల్లలు. చేప యీది తొలగిపోగలదు; గుల్లకు ఆ భాగ్యము లేదు. అది మొప్పలతో నీటిని వడగట్టి యందలి సూక్ష్మాహారమును గ్రహించి జీవించును. ఆహారముతోపాటు సీసము, కాడ్మియము, పాదరసము దాని దేహమున జేరి, చుట్టునున్న నీటిలోకంటె ననేకరెట్లు పేరుకొనును. నీరు మిక్కిలి చెడినచో చిప్ప మూసికొని పస్తుండును. రోగముల నెదిరించు శక్తి క్షీణించును. పసికూనలు ముందుగా నశించును.

1988లో షాంఘై నగరమున మురుగు సోకిన గుల్లలను బచ్చిగా దినుటవలన సుమారు 3,00,000 మందికి కామెల రోగము వచ్చినది. ఆ గుల్ల మన కాకినాడ తీరపు బుడితగుల్లకు దాయాదియే.

అయినను నిరాశకు దావు లేదు. ఫ్రాన్సు దేశపు ఆర్కషోన్ అఖాతమున, పడవల యడుగున బూయు తగరము గలిసిన రంగువలన 1970వ దశాబ్దపు చివర ఆలిచిప్పల పెంకులు వికృతములై, పిల్లలు నశించినవి. 1982లో ప్రభుత్వము చిన్న పడవలకు ఆ రంగును నిషేధింపగా, కొలది యేండ్లలో అవి కోలుకొన్నవి. కారణమును దెలిసి తొలగించినచో సముద్రము క్షమించును.

కావున మేము కోరునవి రెండు. మురుగును శుద్ధిచేయు ఏర్పాటు పూర్తిగాక ఏ క్రొత్త సౌధమునను గాపురమున కనుమతి యీయరాదు. మన తీరపు గుల్లలను ఏటేట బరీక్షించి, ఫలితములను దెలుగున బ్రజలకు బ్రకటింపవలెను. గుల్లలద్వారా సముద్రమును గనిపెట్టు నీ పద్ధతిని 1975లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు గోల్డ్‌బర్గు సూచించెను. నేలను విక్రయించిన లాభము మెట్టవారిదియు, నీరు చెడిన నష్టము తీరపు బెస్తలదియు నగుట న్యాయము గాదు.