ఎడారి మజిలీ

'మజిలీ' అను మాట మన తెలుగులో ఎంతగా కలిసిపోయినదనగా, అది అరబ్బీ 'మంజిల్' నుండి వచ్చినదని ఉర్దూ శాఖ మిత్రులు చెప్పినగాని మనకు స్ఫురించదు. ఎడ్లబండ్ల కాలములో ఎడ్లకు మేతయు నీరును, మనుష్యులకు నీడయు దొరకిన చోటెల్లను మజిలీయే. విమానములకును అట్టి మజిలీ ఒకటి ఎడారిలో ఏర్పడిన విధమును, అచ్చటి వేడిమి స్వభావమును పెనుబల్లి విద్యార్థులకు వివరింప దలచితిమి. ఉమ్రాకు పోవుచు జులై మాసమున షార్జాలో పది గంటలు ఆగవలసి వచ్చుటయే దీనికి కారణము.

బ్రిటిషు వారి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానములు లండను నుండి కరాచీకి మొదట ఇరాను తీరము వెంబడి వచ్చుచుండెను. ఇరాను అనుమతి ముగియగా వారు అరబ్బు తీరమునకు మారి, 1932లో షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖర్ అల్ ఖాసిమీతో ఒడంబడిక చేసికొనిరి. ఆనాటి పెద్ద విమానము సుమారు 800 కిలోమీటర్లకొకసారి దిగి ఇంధనము పోసికొననిదే ముందుకు కదలలేదు. ప్రయాణికులు కోట వంటి బసలో రాత్రి నిద్రించి, తెల్లవారి గ్వాదరు మీదుగా కరాచీ చేరెడివారు. అదే సంవత్సరము అక్టోబరు 15న టాటా వారి చిన్న విమానము కరాచీలో తపాలా అందుకొని అహమ్మదాబాదు, బొంబాయి, బళ్ళారుల మీదుగా మద్రాసుకు చేర్చు సేవ ప్రారంభమైనది. కనుక ఆ రోజులలో విమానపు తపాలాలో వచ్చిన ఉత్తరము షార్జా ఇసుకలో ఒకమారు, తెలుగువారు మసలు బళ్ళారిలో ఒకమారు దిగి వచ్చినదన్నమాట!

ఆ తీరమునకు మనతో డబ్బు సంబంధమును ఉండెను. అచ్చట మన రూపాయియే చెల్లెడిది. 1959లో రిజర్వు బ్యాంకు ప్రత్యేకముగా గల్ఫు రూపాయిని ముద్రించినది; 1966 వరకు అది చెలామణిలో ఉన్నది. నేడు మన పిల్లలు దిర్హముల కొరకు అచ్చటికి పోవుచుండగా, ఈ సంగతి చెప్పిన నమ్మువారు తక్కువ.

జెట్ విమానములు వచ్చిన పిదప యంత్రమునకు ఆ విశ్రాంతితో పని లేకపోయినది. 1977లో విమానాశ్రయము ఊరి వెలుపలికి తరలినది. పాత కోట ఇప్పుడు అల్ మహత్తా అను ప్రదర్శనశాల. పాత రన్‌వే మీదుగా నగరపు వీధి సాగుచున్నది. ట్రాన్సిట్ వీసా ముందుగా పొంది యుంటిమి గనుక దానిని చూడ బయలుదేరితిమి. చల్లని భవనము దాటి బయట అడుగిడగానే కళ్ళద్దములపై ఆవిరి కమ్మి ఏమియు కనబడలేదు.

ఈ ఆవిరిలోనే అసలు విషయము ఉన్నది. వేసవిలో మన ఖమ్మము వైపును 45 డిగ్రీలు చూచినవారమే గదా, ఎడారి మనకొక లెక్కయా అని మేమును తలచితిమి. అది పొరపాటు. మన మే నెల ఎండ చాలవరకు పొడి ఎండ. మట్టికుండ పైకి ఊరిన తేమ గాలికి ఆరిపోవుచు లోని నీటిని చల్లబరచును. మన దేహమును చెమట చల్లబరచునది అట్లే. గల్ఫు సముద్రము లోతు తక్కువది, సగటున 50 మీటర్ల లోపే. వేసవిలో అది కాగిన నీటి తొట్టి వలె గాలినంతటిని తేమతో నింపును. అప్పుడు చెమట కారునే గాని ఆరదు. కుండ చల్లబడదు, మనిషియు చల్లబడడు. తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకము 35 డిగ్రీలు చూపినచో నీడలో కూర్చున్న ఆరోగ్యవంతునికైనను కొద్ది గంటలలోనే ప్రాణాపాయము. రాత్రియు ఉపశమనము తక్కువే. ఒకప్పుడచ్చట ఇండ్లపై గాలిగోపురములు కట్టి, పైగాలిని గదులలోనికి దింపుకొనెడివారు. ఇప్పటి చల్లదనము విద్యుత్తు చలువ. త్రాగునీరు ఉప్పు తీసిన సముద్రజలము.

ప్రదర్శనశాల చేరకముందే, కట్టుచున్న మేడ గోడ ప్రక్క ఇరువదిమంది వరుసగా పడుకొని యుండుట చూచితిమి. వారిలో ఒకరు మా మాట విని లేచి, "ఎండల ఏడికి పోతున్నరు సారూ, ఇటు నీడకు రాండ్రి" అనిరి. నిజామాబాదు వైపు వారు. సంయుక్త అరబ్బు ఎమిరేట్లలో 2005 నుండి వేసవి మధ్యాహ్నపు పనిపై నిషేధము ఉన్నది. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, 12.30 మొదలు 3 గంటల దాక నేరుగా ఎండలో పని చేయించరాదు. ఆపరాని కొన్ని పనులకు మినహాయింపు కలదు. మంచి చట్టమే. కాని ఉదయము పదకొండు గంటలకును, సాయంత్రము నాలుగు గంటలకును గాలిలో తేమ చట్టము చదివి తగ్గునా? అచ్చటికి పని కొరకు పోదలచిన మన విద్యార్థులు జీతము అడుగునప్పుడే పని నీడలోనా, ఎండలోనా, బసలో ఏ.సి. నడచునా అని కూడ అడుగుట అవసరము. తల తిరుగుట, వాంతి, మాట తడబడుట ఎండదెబ్బ గుర్తులు. చెమట ఆగువరకు కాచుకొని యుండరాదు. చెమట కారుచుండగనే మనిషి పడిపోవచ్చును. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి, విసరుచు, వైద్యసహాయము పిలువవలెను.

"ఇక్కడ మాకు గడియారమక్కర లేదు. నీడ జరిగినట్టల్లా మేమూ జరుగుతం" అని ఆయన నవ్విరి. వారిచ్చిన మజ్జిగ త్రాగి, ఆ గోడ వెంట మేమును రెండుమార్లు జరిగితిమి. మూడు గంటలకు ఈల వినబడగానే అందరును టోపీలు పెట్టుకొని నిచ్చెన లెక్కిరి. ప్రదర్శనశాల చూచుటకు మాకు అరగంటయే మిగిలినది.

సాయంత్రము విమానాశ్రయములో స్నానము చేసి ఇహ్రాం వస్త్రములు ధరించితిమి. కుట్టు లేని ఆ రెండు తెల్లని బట్టలతో ఏ.సి. గాలికి వణకుచు కూర్చుంటిమి. జిద్దా చేరుటకు ముందు మీఖాత్ సమీపించినదని విమానములో ప్రకటించిరి. తూర్పు నుండి వచ్చు యాత్రికులకు అది ఖర్న్ అల్ మనాజిల్. 'మనాజిల్' అనగా మజిలీలే.