రెండో ఇంజన్ ఉండగా విమానం ఎందుకు కూలుతుంది?

ప్రశ్న: రెండు ఇంజన్లుంటాయి గదా సార్. ఒగటి చెడిపోతే ఇంగొగటి ఉంటాది. మల్ల విమానం ఎందుకు పడిపోతాది?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, తుమ్మలపల్లె, కడప జిల్లా

జవాబు: మంచి ప్రశ్న అడిగావు నాయనా. పెద్దవాళ్లలోనూ చాలామంది రెండో ఇంజన్ అంటే అవసరానికి దాచిపెట్టుకున్నదని అనుకుంటారు. నిజానికి గాల్లో ఉన్నంతసేపూ రెండూ కలిసే పనిచేస్తుంటాయి. కాబట్టి ఒకటి ఆగితే ఏమవుతుందో ముందు చూద్దాం.

కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి ఉన్నట్టుండి నిలబడిపోయి, రెండోది లాగుతూనే ఉందనుకో. బండి తిన్నగా పోదు, నిలబడిన ఎద్దు వైపుకే తిరుగుతుంది. విమానంలో ఒక్కో రెక్కకు ఒక్కో ఇంజన్ ఉంటుంది. ఎడమది ఆగితే, కుడిది లాగే లాగుడుకు విమానం ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్ కూడా ఊరికే ఉండదు. ఎదురుగాలికి గిరగిరా తిరుగుతూ ఆ వైపును ఇంకా వెనక్కి పట్టేస్తుంది.

ఈ తిరుగుడును ఆపడానికి తోక మీద నిలువుగా ఒక పలక ఉంటుంది. దాన్ని రడ్డర్ అంటారు. పైలట్ కాలితో పెడల్ తొక్కితే అది పక్కకు వాలి, గాలి తాకిడితో ముక్కును మళ్లీ దారికి తెస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. రడ్డర్‌కు బలం గాలి నుంచే రావాలి. వేగం తగ్గితే గాలి తాకిడీ తగ్గుతుంది. ఒక హద్దు దాటి తగ్గాక పెడల్ ఎంత తొక్కినా ముక్కు నిలవదు, రెక్క వాలి విమానం బోర్లా పడుతుంది. చిన్న రెండింజన్ల విమానాల్లో వేగం చూపే మీటరు మీద ఆ హద్దు దగ్గర ఎర్ర గీత గీసి ఉంటుంది. దానికి పైన ఒక నీలి గీత ఉంటుంది. ఒక్క ఇంజన్‌తో పైకెక్కడానికి అన్నిటికన్నా అనువైన వేగం అది.

వేగం ఎర్ర గీత కిందికి పడిపోతే బయటపడే దారి ఏమిటో తెలుసా? బాగున్న ఇంజన్ జోరునే తగ్గించి, ముక్కు కిందికి దించాలి. నేల కళ్ల ముందే కనిపిస్తుంటే ఆ పని చేయడానికి చెయ్యి ఒప్పుకోదు. చాలామంది ముక్కు పైకే లాగుతారు. వేగం ఇంకా పడిపోతుంది.

ఇక బలం సంగతి. ఒక ఇంజన్ పోతే బలం సగం పోతుంది. పైకెక్కే శక్తి మాత్రం అంతకన్నా ఎక్కువ, నూటికి 80 పాళ్లో, ఇంకా ఎక్కువో పోతుంది. ఎందుకంటే ఎత్తు తగ్గకుండా నిలకడగా ఎగరడానికే చాలా బలం ఖర్చవుతుంది. పైకెక్కడానికి పనికొచ్చేది ఆ ఖర్చు పోగా మిగిలిందే. మన ఎండాకాలంలో గాలి పలచబడి ఇంజన్ జోరూ, రెక్కల పట్టూ రెండూ తగ్గుతాయి. అప్పుడు నిండు బరువుతో లేచిన చిన్న విమానానికి మిగిలేది సున్నా కూడా కావచ్చు. కడపలో దిగే ఏటీఆర్ లాంటి ప్రయాణికుల విమానాల సంగతి వేరు. నేల విడిచే సమయంలో ఒక ఇంజన్ ఆగినా పైకెక్కగలగాలన్న నిబంధనకు లోబడే వాటిని తయారు చేస్తారు.

మరి అవీ ఎందుకు కూలుతున్నాయి? 2015 ఫిబ్రవరి 4న తైవాన్ రాజధాని తైపేలో ట్రాన్స్‌ఏషియా వారి ఏటీఆర్ లేచిన కాసేపటికే కుడి ఇంజన్ పనిచేయడం మానేసింది. పైలట్ కంగారులో బాగున్న ఎడమ ఇంజన్‌ను ఆపేశాడు. తప్పు తెలుసుకుని మళ్లీ అందుకునేలోపే విమానం నదిలో పడింది. ఉన్న 58 మందిలో 43 మంది చనిపోయారు. ఇలాంటి పొరపాటు జరగకూడదనే పైలట్లకు ఒక వరస నేర్పుతారు. ఏ కాలికి తొక్కే పని లేదో ఆ వైపు ఇంజనే ఆగినట్టు. అయినా దాని లీవర్‌ను ముందు మెల్లగా వెనక్కి లాగి చూడాలి. ఏ మార్పూ లేకపోతేనే దాన్ని ఆపి, ప్రొపెల్లర్ రేకులను గాలికి అడ్డం రాకుండా తిప్పాలి. ప్రమాదం తర్వాత ఆ సంస్థ ఏటీఆర్ పైలట్లకు ఇంజన్ ఆగినప్పుడు ఏం చేయాలన్న దాని మీద పరీక్ష పెడితే 10 మంది తప్పారు.

ఇంజన్లు బాగున్నా చెయ్యి తప్పు లీవర్ మీద పడొచ్చు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో దిగబోతున్న యతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్‌లో రెక్కల ఫ్లాప్‌లు దించాల్సిన పైలట్, వాటి లీవర్‌కు బదులు ప్రొపెల్లర్ల లీవర్లు రెండూ వెనక్కి లాగాడని విచారణలో తేలింది. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి, కానీ ప్రొపెల్లర్ రేకులు గాలికి అడ్డం లేకుండా తిరిగిపోయి ముందుకు లాగే బలం పోయింది. ఉన్న 72 మందీ చనిపోయారు.

మీ పక్క పులివెందులలో ఎవరిని అడిగినా 2009 సెప్టెంబరు 2 గురించి చెబుతారు. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలి ఐదుగురు చనిపోయారు. దానికీ రెండు ఇంజన్లే. హెలికాప్టర్‌లో రెండు ఇంజన్లూ కలిసి తిప్పేది ఒకే గేర్‌బాక్స్‌ను. ఆ గేర్‌బాక్స్ ఆయిల్ గురించి హెచ్చరిక వస్తే పైలట్లు ఆరు నిమిషాలకు పైగా దాని మీదే దృష్టి పెట్టి ఉన్నారనీ, ఆలోగా వానమబ్బుల్లోకి వెళ్లి, కిందికి తోసే పెనుగాలికి అదుపు తప్పిందనీ విచారణ సంఘం తేల్చింది.

చూశావా, "పైలట్ తప్పు" అన్న మాట దగ్గరే ఆగిపోతే సగమే తెలుస్తుంది. ఆ చెయ్యి ఎందుకు తడబడింది, ఆ దృష్టి ఎందుకు మళ్లింది అని అడిగితేనే రేపటి పైలట్‌కు ఏం నేర్పాలో తెలుస్తుంది. అందుకే మన దేశంలో ప్రయాణికుల విమానాల పైలట్లు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో ఇంజన్ ఆగినప్పుడు నడిపి చూపించే పరీక్ష నెగ్గాలి. ప్రతిసారీ లేచే ముందు "ఇంజన్ ఆగితే ఏం చేద్దాం" అని ఇద్దరు పైలట్లూ పైకి చెప్పుకుంటారు. నీ ప్రశ్నకు జవాబు ఇదే నాయనా: రెండో ఇంజన్ విమానాన్ని కాపాడగలదు, కాకపోతే ఆ కొద్ది సెకన్లలో చేయాల్సిన పని పైలట్ ముందే పదేపదే చేసి ఉండాలి.