వేట మాంసం ఎక్కువగా కొనేముందు ఫ్రీజర్ లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం 1959లో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తెలుగువారూ ఉన్నారు. భిలాయిలోని సుపేలాలో అలాంటి ఒక ఇంటివారు కనుమకు మేకపోతును కొన్నారనుకుందాం. 25 కిలోల పోతుకు సుమారు 12 కిలోల మాంసం వస్తుంది. నలుగురు వాటాలు వేసుకుంటే ఇబ్బంది లేదు. మొత్తం ఒక్క ఇంటికే అయితే, అది ఫ్రీజర్‌లో పడుతుందా అన్నది మొదటి ప్రశ్న. గడ్డకడుతుందా అన్నది అసలు ప్రశ్న.

పొట్లాలు కట్టిన కిలో మాంసానికి ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల చోటు కావాలి. అంటే 12 కిలోలకు 18 నుంచి 24 లీటర్లు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌ను పూర్తిగా ఖాళీ చేసినా ఇంత పట్టడం కష్టమే.

కుక్కి పెట్టినా లాభం లేదు. మాంసంలో దాదాపు ముప్పావు వంతు నీరే. సున్నా డిగ్రీల దగ్గర కిలో నీరు మంచుగా మారాలంటే 334 కిలోజౌళ్ల వేడిని తీసేయాలి. అదే నీటిని 80 డిగ్రీల నుంచి సున్నాకు చల్లార్చడానికి తీయాల్సిన వేడి కూడా ఇంతే. ఒకేసారి 12 కిలోలు పెడితే చిన్న ఫ్రీజర్ ఆ వేడిని లాగలేదు. పైపొర గట్టిపడినా మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. తర్వాత గడ్డకట్టినా అది చావదు, నిద్రపోతుందంతే.

రుచీ పోతుంది. నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవై కణాల పొరలను చీలుస్తాయి. కరిగించినప్పుడు గిన్నెలో చేరే ఎర్రటి నీరు అందువల్లే ఎక్కువవుతుంది. గడ్డకట్టే చలిలో పట్టగానే బిగుసుకుపోయిన చేప వండితే తాజాగా ఉండటం అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్‌ఐ లాబ్రడార్‌లో ఇన్యూట్ ప్రజల దగ్గర గమనించాడు. శీఘ్ర శీతలీకరణ పరిశ్రమకు బీజం అదే.

100 లీటర్ల డీప్ ఫ్రీజర్ అయినా రోజుకు నాలుగైదు కిలోలు మించి కొత్త సరుకు పెట్టకూడదు. మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. కార్జం, ఖీమా తొందరగా పాడవుతాయి కనుక మొదటి రోజు వాటి వంతు. పెద్ద ముక్కలు ఫ్రిజ్ కింది అరలో 4 డిగ్రీల లోపు రెండు మూడు రోజులు ఆగగలవు. పొట్లాలు అరకిలోవి, పలచగా పరిచినవి అయితే చలి లోపలికి త్వరగా చేరుతుంది.

మే నెలలో కరెంటు పోతే? మూత తెరవకపోతే నిండు ఫ్రీజర్ సుమారు 48 గంటలు చలిని నిలుపుతుంది, సగం నిండింది 24 గంటలే. అందుకే ఖాళీ చోట నీళ్ల సీసాలు పెట్టాలి, అయితే మెడదాకా నింపకూడదు. గడ్డకట్టిన నీరు 9 శాతం పెరుగుతుంది.