మీకు తెలుసా? ఎత్తు చక్రంపై భూప్రదక్షిణ

సైకిలుపై ప్రపంచాన్ని చుట్టిన తొలి వ్యక్తిగా పేరొందిన థామస్ స్టీవెన్స్ 1884 ఏప్రిల్‌లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి బయలుదేరి, 1886 డిసెంబరులో జపానులోని యోకొహామా వద్ద యాత్ర ముగించాడు. ఆయన ఎక్కినది ‘పెన్నీ ఫార్దింగ్’, అంటే ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున, వెనుక చక్రం చాలా చిన్నదిగా ఉండే ఆనాటి సైకిలు. దానికి గొలుసు లేదు. పెడళ్లు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉండటం వల్ల, వాటిని ఒక చుట్టు తొక్కితే 50 అంగుళాల చక్రమూ ఒకే చుట్టు తిరిగి, బండి సుమారు 4 మీటర్లు సాగేది. దారిలో రాయి అడ్డుపడితే సవారీదారు తలకిందులుగా ముందుకు పడటం మామూలే.

అఫ్ఘానిస్థాన్ మీదుగా సాగనివ్వకపోవడంతో వెనుదిరిగి, ఓడలో భారతదేశం చేరిన స్టీవెన్స్, లాహోరు నుంచి గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టి ఢిల్లీ, ఆగ్రా, కాశీల మీదుగా కలకత్తాకు వెళ్లాడు. యాత్ర మొత్తంలో, బహుశా, ఆయన చక్రానికి బాగా అనువైన దారి ఇదే. 16వ శతాబ్దంలో షేర్‌షా సూరి తీర్చిదిద్దిన ఈ రాజమార్గం వెంట మొఘలుల కాలపు కోస్ మినార్లు, అనగా సుమారు 3 కిలోమీటర్లకు ఒకటి చొప్పున కట్టిన దూరసూచక స్తంభాలు, కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.