ఆరు దేశాలు, ఒక్క 'గల్ఫ్': భయం కలిపింది, భయమే విడదీసింది

జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్... ఈ వైపు ఏ ఊరికి పోయినా 'మా పిలగాడు దుబాయ్‌ల ఉన్నడు' అనే మాట వినిపిస్తుంది. కాస్త వివరంగా అడిగితే ఆ దుబాయ్ కాస్తా రియాద్ అనో, కువైట్ అనో, దోహా అనో తేలుతుంది. ఉత్తర తెలంగాణ నోట్లో ఆరు దేశాలు ఎప్పుడో ఒక్కటైపోయాయి. ప్రపంచం కూడా సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్‌లను కలిపి 'గల్ఫ్ దేశాలు' అనే అంటుంది. ఉర్దూ పత్రికలు ఖలీజ్ తఆవున్ కౌన్సిల్ అని రాసేది ఈ కూటమినే. ఇంగ్లిష్ పొట్టి పేరు జీసీసీ.

వీటిని కలిపి ఉంచేది చమురే అని చాలామంది అనుకుంటారు. చమురు ఇరాక్‌కూ ఉంది, ఇరాన్‌కూ ఉంది. ఆ రెండూ అదే సముద్రం ఒడ్డున ఉన్నాయి. అయినా కూటమిలో లేవు. అసలు కూటమి పుట్టిందే ఆ ఇద్దరి మధ్య చిక్కుకున్న భయంతో.

1979లో ఇరాన్‌లో షా ప్రభుత్వం కూలి ఖొమైనీ అధికారంలోకి వచ్చారు. అదే ఏడాది నవంబర్‌లో మక్కా హరమ్ షరీఫ్‌ను సాయుధులు ఆక్రమించారు. డిసెంబర్‌లో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగింది. 1980 సెప్టెంబర్‌లో ఇరాక్, ఇరాన్ యుద్ధం మొదలైంది. రెండేళ్ల లోపల ఇన్ని దెబ్బలు. పక్కింట్లో మంటలు లేస్తే గోడ కట్టుకున్నట్టు, 1981 మే 25న అబుధాబీలో ఆరుగురు పాలకులు కూర్చుని జీసీసీ పెట్టుకున్నారు. తొలి సెక్రటరీ జనరల్‌గా కువైట్‌కు చెందిన అబ్దుల్లా బిషారా వచ్చారు, ప్రధాన కార్యాలయం రియాద్‌లో పెట్టారు.

చిత్రమేమిటంటే ఆ రోజు సంతకాలు చేసిన చార్టర్‌లో రక్షణ అనే విషయమే కనిపించదు. వాణిజ్యం, కస్టమ్స్, చదువు, రవాణా లాంటివే ఉంటాయి. ఇది మర్చిపోయి వదిలేసింది కాదు. 'సైనిక కూటమి కడుతున్నారు' అని ఇరాన్, ఇరాక్ రెండూ కన్నెర్ర చేస్తాయని తెలుసు. లోపల కూడా ఏకాభిప్రాయం లేదు. అమెరికా నౌకలతో కలిసి పనిచేద్దామని ఒమన్ అంటే, బయటి శక్తులు ఎవరూ వద్దని కువైట్ అన్నది. అందుకే కాగితం మీద వ్యాపారం రాసి, మనసులో భద్రత పెట్టుకున్నారు.

మనసులో మాట తొందరగానే బయటపడింది. 1981 డిసెంబర్‌లో బహ్రెయిన్‌లో ప్రభుత్వాన్ని కూల్చే కుట్ర బయటపడగానే సౌదీ చకచకా ఒక్కో పొరుగు దేశంతో భద్రతా ఒప్పందాలు చేసుకుంది. కువైట్ మాత్రం కలవలేదు. తర్వాత 'పెనిన్సులా షీల్డ్' పేరుతో ఉమ్మడి సైన్యాన్ని సౌదీలోని హఫర్ అల్ బాతిన్ దగ్గర ఉంచారు.

ఆ డాలుకు మొదటి పరీక్ష 1990 ఆగస్టు 2న వచ్చింది. సద్దాం సైన్యం కువైట్‌లోకి దూసుకొస్తే కొన్ని వేల మంది ఉన్న ఆ దళం అడ్డుకోలేకపోయింది. 1991 ఫిబ్రవరిలో కువైట్‌ను విడిపించింది అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సైన్యం. అప్పుడు కువైట్‌లో ఉన్న భారతీయులు ఇరాక్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్‌కు చేరుకుంటే, ఎయిర్ ఇండియా 488 విమానాల్లో సుమారు 1,70,000 మందిని ఇంటికి చేర్చింది. ఆ గుంపులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఏళ్ల సంపాదన అక్కడే వదిలి, చేతి సంచితో దిగినవాళ్లు ఎందరో.

అక్కడి నుంచే కూటమి కథలో ఒక రెండు నాలుకల పద్ధతి మొదలైంది. పైకి 'మేమంతా ఒక్కటే'. లోపల మాత్రం ఎవరికి వారు అమెరికాతో విడివిడిగా రక్షణ ఒప్పందాలు. 1991లో కువైట్, బహ్రెయిన్, 1992లో ఖతర్, 1994లో యూఏఈ. ఈ రోజు అమెరికా ఐదో నౌకాదళం బహ్రెయిన్‌లో ఉంది, పెద్ద వైమానిక స్థావరం ఖతర్‌లోని అల్ ఉదైద్‌లో ఉంది. 2000 డిసెంబర్‌లో మనామాలో సంతకం చేసిన ఉమ్మడి రక్షణ ఒప్పందం 'ఒకరి మీద దాడి అందరి మీద దాడే' అన్నది. కాగితం బలమైనదే. కానీ ఆపద వస్తే అందరూ ముందు ఫోన్ చేసేది వాషింగ్టన్‌కే.

2011 వచ్చేసరికి భయం దిక్కు మారింది. అరబ్ దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. మార్చి 14న పెనిన్సులా షీల్డ్ పేరుతో సుమారు 1,000 మంది సౌదీ సైనికులు, 500 మంది యూఏఈ పోలీసులు వంతెన దాటి బహ్రెయిన్‌లోకి వెళ్లారు. బయటి శత్రువు కోసం కట్టిన దళం లోపలి నిరసనల సమయంలో కదిలింది. ఒమన్ అందులో చేరలేదు. అదే ఏడాది మే నెలలో జోర్డాన్‌ను, మొరాకోను కూడా కూటమిలోకి రమ్మన్నారు. మొరాకో ఎక్కడ, ఖలీజ్ ఎక్కడ! మ్యాప్‌లో చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ రెండూ రాచరికాలే. జీసీసీ అంటే ఒక ప్రాంతమా, రాజుల సంఘమా అన్న ప్రశ్నకు ఆ పిలుపే జవాబు చెప్పింది. 2013 డిసెంబర్‌లో సౌదీ కోరిన పూర్తి యూనియన్‌కు ఒమన్ బహిరంగంగానే వద్దన్నది.

కరీంనగర్, ఆదిలాబాద్ కుటుంబాలకు నేరుగా తగిలేది దీని తర్వాతి అడుగు. 2012 నవంబర్‌లో రియాద్‌లో ఆరు దేశాల హోం మంత్రులు అంతర్గత భద్రతా ఒప్పందం చేసుకున్నారు. నేరస్థుల సమాచారం పంచుకోవడం, కేసు ఉన్నవాళ్లను అప్పగించుకోవడం అందులో ఉన్నాయి. తమ రాజ్యాంగానికి సరిపోదని 2014లో కువైట్ పార్లమెంటు కమిటీ దాన్ని తిరస్కరించింది. ఆ మరుసటి దశలో అబుధాబీ కేంద్రంగా 'జీసీసీ పోల్' అనే ఉమ్మడి పోలీసు సంస్థ వచ్చింది. ఎయిర్‌పోర్టులో తీసుకునే వేలిముద్రలు, కంటి స్కాన్ ఇప్పుడు మామూలైపోయాయి. కాబట్టి ఒక దేశంలో చెక్ బౌన్స్ కేసో, పోలీసు కేసో ఉండగా 'ఏం కాదు, పక్క దేశం వీసా తీసిస్త' అని ఏజెంట్ చెబితే దాని మీద అప్పు చేసి డబ్బు కట్టడం పెద్ద జూదం. కఫీల్ దగ్గర్నుంచి బయటపడి ఖల్లివల్లి అయినవాళ్లు ఎంబసీ ద్వారా, ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ ద్వారా రికార్డు సరిచేసుకుని రావడమే మేలు. ఆరోగ్య పరీక్షల్లోనూ ఇదే పద్ధతి. గల్ఫ్‌కు వెళ్లేముందు హైదరాబాద్‌లో చేయించుకునే మెడికల్ ఆరు దేశాలకూ కలిపి నడిచే వ్యవస్థ కిందనే ఉంది.

ఇంత కలిసినవాళ్లు 2017 జూన్ 5న తెల్లారేసరికి విడిపోయారు. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, వాటితోపాటు ఈజిప్టు, ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఉగ్రవాదాన్ని పోషిస్తోందనీ, ఇరాన్‌కు దగ్గరైందనీ ఆరోపణ. ఖతర్ ఒప్పుకోలేదు. అల్ జజీరా మూసెయ్యడం సహా 13 డిమాండ్లు పెట్టారు. ఖతర్‌కు ఉన్న ఒకే ఒక్క భూమార్గం, సౌదీ వైపు సరిహద్దు, మూసేశారు. టర్కీ, ఇరాన్ నుంచి సరుకులు తెప్పించుకున్నారు, పాల కోసం ఆవులను విమానాల్లో దించారు. ఆగస్టులో ఖతర్ హాజీల కోసం ఆ సరిహద్దు తెరవడం కూడా రాజకీయ వార్తే అయింది. దుబాయ్‌లో అన్న, దోహాలో తమ్ముడు ఉన్న కుటుంబాలకు గంట ప్రయాణం కాస్తా మస్కట్ మీదుగానో కువైట్ మీదుగానో తిరిగే ప్రయాణమైంది. కువైట్ రాజీకి తిరిగింది, ఒమన్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది.

మూడున్నరేళ్ల ఆ గొడవ ఒక నిజం బయటపెట్టింది. కూటమికి పేరు తెచ్చింది భద్రతే. కానీ 'శత్రువు ఎవరు' అనే ప్రశ్నకు ఆరుగురి జవాబు ఒకటి కాదు. సౌదీకి ఇరాన్ ప్రత్యర్థి, ఒమన్‌కు మాట్లాడదగిన పొరుగు, ఖతర్‌కు సముద్రం కింద గ్యాస్ క్షేత్రంలో భాగస్వామి. జవాబులు కలిసిన రోజు ప్రపంచానికి ఒక్క గల్ఫ్ కనిపిస్తుంది, కలవని రోజు ఆరు రాజధానులు కనిపిస్తాయి.

2025లో జవాబులు మళ్లీ దగ్గరయ్యాయి. జూన్ 23న ఇరాన్ క్షిపణులు అల్ ఉదైద్ మీదికి వచ్చినప్పుడు ఖతర్‌తోపాటు పొరుగు దేశాలూ కొన్ని గంటలు గగనతలం మూసేశాయి. సెప్టెంబర్ 9న హమాస్ నాయకులు లక్ష్యమంటూ ఇజ్రాయెల్ దోహా మీద బాంబులు వేసింది. ఒకప్పుడు ఖతర్‌ను వెలివేసినవాళ్లే ఈసారి దోహాకు వచ్చి పక్కన నిలబడ్డారు. కొద్ది రోజులకే జీసీసీ రక్షణ మంత్రులు అక్కడే సమావేశమై నిఘా సమాచారం పంచుకోవడం, క్షిపణుల ముందస్తు హెచ్చరిక వ్యవస్థను త్వరగా కలపడం గురించి నిర్ణయాలు ప్రకటించారు. అయితే అదే సెప్టెంబర్ 17న సౌదీ విడిగా పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. పాత అలవాటు పోలేదు.

ఈ దేశాల్లో సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు కాబట్టి ఢిల్లీ కూడా రెండు దార్లలో నడుస్తోంది. కూటమితో 2024 సెప్టెంబర్‌లో రియాద్‌లో విదేశాంగ మంత్రుల స్థాయి వ్యూహాత్మక చర్చలు జరిపింది. వాణిజ్య ఒప్పందం మాత్రం కూటమితో 2004 నుంచి మాటల్లోనే నలుగుతుంటే, యూఏఈతో విడిగా 2022లో ముగించింది.

ఆరు దేశాలూ తిరగడానికి ఒకే టూరిస్ట్ వీసాకు 2023 నవంబర్‌లో ఆమోదం దొరికింది. ఆ పని తలకెత్తుకున్నది పర్యాటక శాఖలు మాత్రమే కాదు, హోం మంత్రులు కూడా. అది చూడటానికి వచ్చేవాళ్ల కోసం. కోరుట్ల నుంచో భైంసా నుంచో పనికి పోయినవాళ్ల ఆకామా మాత్రం ఇప్పటికీ ఏ దేశానిది ఆ దేశానిదే.