అలపై పలక – అడుగు తీరు

హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రక్కనే దుర్గం చెరువు గలదు. ఒకనాడు గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువది. 2020లో దానిపై తీగల వంతెన వెలసినది. నీరున్నను అందు సముద్రపుటలలు లేవు. అందుచే అచ్చటి కార్యాలయములలో పనిచేయు యువతీయువకులు కొందరు సర్ఫుబోర్డు అను పలకపై నిలిచి అలల వెంట జారు ముచ్చట తీర్చుకొనుటకు విశాఖపట్నము, ఋషికొండ తీరమునకు పోవుదురు. వారు పలక రంగును, పొడవును చూతురు. దానిని బోర్లవేసి అడుగును గూడ చూడవలెనని మా మనవి.

ఏల యనగా, ఒక చిన్న పరీక్ష వంటయింటనే చేయవచ్చును. చెంచా కాడను రెండు వ్రేళ్ళతో వదులుగా పట్టి వ్రేలాడదీసి, దాని ఉబ్బెత్తు వీపును కొళాయి ధారకు తాకింపుడు. ధార దానిని త్రోసివేయునని తలతుము. కాని చెంచా ధారలోనికే లాగబడును. నీరు వంపును అంటి ప్రవహించుటయే ఇందుకు కారణము. ఉబ్బెత్తు అడుగు గల పలకను గూడ నీరిట్లే పట్టియుంచును. అది నెమ్మదిగా, కుదురుగా పోవును.

చదునైన అడుగు త్వరగా నీటిపై తేలి జారును. చిన్న అలలకు అది అనుకూలము. మలుపులో పట్టు తక్కువ. అడుగున నిలువునా లోతు లేని గుంట తీర్చినచో నీరు ప్రక్కలకు చెదరక వెనుకకు సాగును. పలక పైకి లేచి వేగము హెచ్చును. గాలికి చెదరిన నీటిపై మాత్రము కుదుపు తప్పదు. తోకవద్ద నడుమ వెన్నుగట్టు వంటి ఎత్తున్నచో ప్రక్కలకు ఒరిగి మలుపు తిరుగుట సులువగును. వేగము కొంత తగ్గును. ముక్కు పైకి వంగినచో నిటారైన అల దిగునపుడు నీట గ్రుచ్చుకొనదు; వంపు మితిమీరినచో పలక మందగించును. ఒక గుణము కొరకు మరియొకటి వదులుకొనక తప్పదు.

మన తీరపు జాలరులు ఈ సంగతిని అనుభవముచే ఎరిగినవారే. దుంగలు జతకట్టిన తెప్పపై వారు నురుగుటలలు దాటిరి. పైబడిన నీరు సందులగుండ కారిపోవును. కావున తెప్ప నిండి మునుగదు. ఏ నీటికి ఏ అడుగు తగునో వారు చక్కగా గ్రహించిరి.

2021లో జపానులో జరిగిన ఒలింపిక్ పోటీలలో సర్ఫింగు తొలిసారి చేరినది. అట్టి పోటీలు చూచి, నిపుణుల సన్నని పలకను హెచ్చు వెలకు కొని, పదేపదే పడి, తమకు చేతకాదని ఆట మానుకొనువారు గలరు. లోపము వారిది కాదు, ఎంపికది. క్రొత్తవారికి వెడల్పైన, చదునైన, మెత్తని పలకయే మేలు. అడుగు కుదిరిన పిమ్మటనే నడక కుదురును.