ముంబయి నుంచి హైదరాబాద్ ఎంత దూరం?

కాలం, వేగం, దూరం లెక్కలు చెప్పేటప్పుడు మనలో చాలామందిమి పుస్తకంలో ఉన్నదానితోనే సరిపెడతాం. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది, 2,400 కిలోమీటర్లకు ఎంతసేపు? పిల్లలు భాగించి మూడు గంటలని రాస్తారు, మార్కు పడుతుంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికో మాత్రం లెక్కలో ఉండదు. ముంబయిలోని మన తెలుగు పిల్లలకు ఊళ్లకు కొదవా?

అట్లాసు తెరిపించండి. ముంబయి, హైదరాబాద్ మధ్య స్కేలు పెట్టి కొలిస్తే సూటిగా దాదాపు 620 కిలోమీటర్లు. రోడ్డు మీద 710 దాకా. రైలు పుణె, షోలాపూర్, వాడి మీదుగా తిరిగి పోతుంది గనుక ఇంచుమించు 790. ‘ఏది కరెక్టు సార్?’ అని తప్పక అడుగుతారు. మూడూ కరెక్టే. దేంట్లో పోతున్నామో చెప్పనిదే దూరం చెప్పలేమని వాళ్ల నోటితోనే అనిపిస్తే సగం పాఠం అయినట్టే.

ఇక విమానం. 620ని 800తో భాగిస్తే 46 నిమిషాలు చిల్లర. టికెట్టు మీద మాత్రం గంటన్నర అటూఇటూగా ఉంటుంది. విమానం నిలిచిన చోటు వదిలినప్పటి నుంచి, దిగిన ఊళ్లో మళ్లీ నిలిచేదాకా లెక్కిస్తారు. రన్‌వే దాకా మెల్లగా పోవాలి, వరసలో ఆగాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు 800 వేగం ఉండదు. ముంబయిలో రెండు రన్‌వేలూ కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతాయి. రెంటినీ ఒకేసారి వాడడం కుదరదు.

పోయినేడు పాలమూరు వైపు పిల్లాడొకడు లేచి అడిగాడు: “మా నాయన విమానం ఎక్కి పోయిండు సార్, అయినా తాతను మట్టి చేసినంకనే చేరిండు. గంటన్నరే గద?”

పేర్లు లేకుండా బోర్డు మీద లెక్క వేశాం. ఆరింటికి ఇల్లు వదలాలి. కౌంటరు గంట ముందే మూసేస్తారు. తొమ్మిదింటికి విమానం, పదిన్నరకు శంషాబాద్, బయట పడేసరికి పదకొండు. అక్కడి నుంచి ఊరు వంద కిలోమీటర్లు, చివర మట్టిరోడ్డు, ఒంటిగంటన్నర. ఇంటి నుంచి విమానాశ్రయం 15 కలిపితే మొత్తం 735 కిలోమీటర్లు, ఏడున్నర గంటలు. సగటు వేగం 98. ఎనిమిది వందలు ఎక్కడ, తొంభై ఎనిమిది ఎక్కడ! వాడు నోటుబుక్కులో దించుకుని, “అయితే మా నాయన జల్దీనే పోయిండు” అన్నాడు. సగటు వేగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

గల్ఫ్‌లో నాన్నలున్న పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్‌లో పదింటికి ఎక్కి నాలుగు గంటలు పోతే దుబాయ్ గడియారం రెండు చూపదు, పన్నెండున్నర చూపుతుంది. టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. తీసివేసి రెండున్నర గంటలేనని రాసేవాళ్లు పెద్దల్లోనూ ఉన్నారు.

షోలాపూర్ మాస్టార్లు ఇదే లెక్క ఇంకోలా వేయించవచ్చు. అక్కడి నుంచి హైదరాబాద్ రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైచిలుకు. విమానం కోసం పుణె పోవాలంటే 250 కిలోమీటర్లు వెనక్కి. ఏది ముందు చేరుస్తుందో పిల్లల్నే తేల్చమనండి.